బావగారి తుపాకీకి వారసుడు

మా ఇంట్లో ఆదివారం అంటే చేపల పులుసు, తుపాకుల మాట. ఈ రెండూ లేని ఆదివారం నాకు గుర్తులేదు.

చేపలు నావి. రాంనగర్ మార్కెట్టుకి పొద్దున్నే వెళ్ళి నేనే ఏరుకుని తెచ్చుకుంటాను. తుపాకులు మా ఆయనవి, ఆయన స్నేహితుడు దేవసహాయం అన్నయ్యగారివి. అంటే నిజం తుపాకులు కాదులెండి. ఇద్దరూ రాతగాళ్ళు. మా ఆయన వరహాలబాబుగారు రైల్వేలో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. అన్నయ్యగారు బడిపంతులు, మౌలాలిలో ఉంటారు. ఒకే ఎర్ర అట్ట పత్రికలో ఇద్దరూ వయసులో ఉన్నప్పటినుంచీ రాస్తున్నారు. జనం చేతిలో తుపాకీ ఉండాలా వద్దా, ఉంటే ఎవరి చేతిలో ఉండాలి, ఎవరు ఇవ్వాలి, ఎవరు తీసుకోవాలి అని. ఇద్దరిలో ఏ ఒక్కరూ దీపావళికి కాకరపువ్వొత్తి కంటే పెద్దది పట్టుకున్న పాపాన పోలేదు.

మా ఆయన అనేవారు: "ఆయుధాలన్నీ సర్కారు దగ్గరే ఉంటే జనం దణ్ణాలు పెట్టుకుంటూ బతకాల్సిందేరా సహాయం."

అన్నయ్యగారు ముల్లు తీసుకుంటూ అనేవారు: "ఒరే వరహాలూ, అడవి జిల్లాల్లో సర్కారే కూలివాళ్ళకి తుపాకులిచ్చి పక్క ఊరి మీదకి తోలితే, అవీ జనం తుపాకులే కదరా. ఏమైంది? కూలివాణ్ణి కూలివాడే కాల్చాడు."

"అది సర్కారు ఇచ్చింది. నేననేది సంఘం చేతిలో ఉండేది."

"సంఘానిదే. కాని చివరికి సంఘం అధ్యక్షుడి అటక మీద ఉంటుంది. మా పేటలోకి తుపాకీ ఎప్పుడొచ్చినా పెద్దింటివాడి భుజమ్మీదే వచ్చిందిరా. నువ్వు పుస్తకాల్లో చదివావు, నేను గడప వెనకనుంచి చూశాను."

ఆ మాటకి మా ఆయన పులుసు కలుపుకునేవారు. తర్వాత, "కొండమ్మా, అన్నయ్యకి ఇంకో ముక్క వెయ్యి" అనేవారు. అలా సాగిపోయేది. అన్నయ్యగారి భార్య పోయాక ఆయన వారానికో పూట నోటికి రుచిగా తినేది మా ఇంట్లోనే. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. "చెల్లెమ్మా" అని గేటు దగ్గర పిలుపు వినపడితే నాకు ఆదివారం వచ్చినట్టు.

ఇలా ఉండగా మా బావగారు పైడిబాబుగారు పోయారు. మా ఆయనకి అన్నగారు. సాలూరు దాటాక కొండల కింద మా ఊరు. ఆయనకి పిల్లల్లేరు. పెద్ద వయసు, నిద్రలో పోయారు, అంత తేలిగ్గా పోవడం కూడా అదృష్టమే. పెద్దకర్మ అయి మేం సికింద్రాబాదు వచ్చేశాక ఊరి పోలీసు స్టేషను నుంచి ఫోనొచ్చింది. "మీ అన్నగారి లైసెన్సు తుపాకీ మా దగ్గర ఉందండి. వారసులు మీరే. మీ పేర లైసెన్సుకి పెట్టుకుంటారా, వదులుకుంటారా?" అని.

ఆ తుపాకీ నాకు బాగా తెలుసు. నేను కాపరానికి వెళ్ళినప్పుడే అది నడవ గోడకి, ధాన్యం గాదె పైన వేలాడుతుండేది. అడవిపందులు చోడిచేలు తవ్వేస్తున్నాయని మావగారు తీసుకున్నారట. పందుల మీద అది పేలడం నేను వినలేదు. డప్పు కొడితే పారిపోయేవి. బావగారు చీమకి కూడా హాని చెయ్యని మనిషి. కాని గట్టు తగాదాకి ఎవరైనా వచ్చారనుకోండి, ఆయన గొంతు పెంచేవారు కాదు. మాట మధ్యలో అలా గోడకేసి ఓసారి చూసేవారు. అంతే. వచ్చినాయన భుజమ్మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకునేవాడు. గడప అవతల నిలబడ్డ కూలివాళ్ళు ఇంకో అడుగు వెనక్కి వేసేవారు. నేను మజ్జిగ గ్లాసులు పట్టుకెళ్తూ చూసేదాన్ని. కొత్తకోడల్ని, నాకేం తెలుసు? బావగారంటే అందరికీ ఎంత గౌరవమో అనుకునేదాన్ని.

ఫోను పెట్టేసి మా ఆయన, "ఉంచుకుంటానని చెప్పాను కొండమ్మా" అన్నారు.

నా చేతిలో చేట ఉంది. కింద పెట్టేశాను.

"ఏటండీ! తుపాకీయా? ఈ సీతాఫల్‌మండి గల్లీలోనా? ఇక్కడ అడవిపందులు ఎక్కడున్నాయి?"

"అది కాదే. ఇన్నేళ్ళు రాశాను. ఒక వస్తువు గురించి రాసినవాడు ఆ వస్తువుని ఎరగకపోతే ఎలా?"

నాకు తెలుసు ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో. అంతకు ముందు ఒక సభలో కుర్ర రచయిత ఒకడు లేచి, "వరహాలబాబుగారూ, మీరు ఎప్పుడైనా తుపాకీని దగ్గరగా చూశారా?" అని అడిగాడట. హాలంతా నవ్వింది. ఆ పూట ఇంటికొచ్చి ఆయన అన్నం ముట్టలేదు. మగవాళ్ళకి వయసు మళ్ళినా అది తగులుతుంది. మర్నాడే మేస్త్రీని పిలిచి హాల్లో పుస్తకాల అలమర పైన గోడకి రెండు ఇనప కొక్కేలు కొట్టించారు. లైసెన్సు రాలేదు, తుపాకీ రాలేదు, కొక్కేలు వచ్చేశాయి.

ఆదివారం అన్నయ్యగారొచ్చారు. కొక్కేలు చూశారు. సంగతి విన్నారు. అప్పుడు కలిపిన ముద్ద కంచంలో పెట్టేసి అన్నారు:

"చూడు వరహాలూ. నీతో ఇన్నేళ్ళు కొట్లాడాను, అది వేరు. కాని తుపాకీ వేలాడే ఇంట్లోకి మా నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళాడు. నేను చెప్పులేసుకుని కూడా వెళ్ళను. అది ఆ కొక్కేల మీదకి ఎక్కిన రోజున నేనీ గుమ్మం తొక్కను."

"అది మా అన్న గుర్తురా!"

"గుర్తుకి ఫోటో పెట్టుకో."

చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. పులుసు అలాగే ఉంది. తర్వాత ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. తుపాకీ ఇంకా ఎక్కనే లేదు కదా, ఇప్పట్నుంచే ఎందుకు మానేశారో అని నేను అంటే, "వాడికి కోపమొస్తే ముందుగానే వస్తుంది" అన్నారు మా ఆయన. అన్నారే గాని ఆదివారం పదకొండు దాటితే గేటు కేసి చూడ్డం మానలేదు. "మీరో ఫోను చెయ్యండి" అంటే, "వాడు చెయ్యొచ్చుగా" అంటారు. ఒక తుపాకీ ఇంట్లోకి రావడానికి ఒక మనిషి బయటికి పోవాలా అని నాకు ఒకటే బెంగ.

పైగా తుపాకీకి ఇంకో చుట్టం తయారయ్యాడు. మా కాలనీ సంఘం ప్రెసిడెంటు రామ్మోహనరావుగారు. బెజవాడ వైపు వారు, పైపులూ కొళాయిలూ అమ్మే కొట్టుంది. మంచాయనే, పండక్కి ఇంటింటికీ స్వీటు పంపిస్తాడు. ఈ మధ్య గల్లీలో బళ్ళ బ్యాటరీలు పోతున్నాయి. ఒకావిడ మెళ్ళో గొలుసు లాక్కుపోయారు. దాంతో ఆయన "కాలనీ రక్షణ దళం" అని పెట్టాలని, పసుప్పచ్చ టీషర్టులు కూడా కుట్టించేశాడు.

"మాస్టారూ, మీ తుపాకీ ఒక్కటుంటే చాలండీ" అని మా ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పేల్చక్కర్లేదు. ఉందని తెలిస్తే చాలు. జనం ఆయుధాలు పట్టాలని మీరే కదండీ రాశారు? మేం పడతాం అంటున్నాం. పోలీసు ఎంక్వయిరీకి సాక్షి నేనుంటాను."

మా ఆయన మొహం చూడాలి. ఇన్నేళ్ళకి ఆయన రాసినదాన్ని చేస్తామని వచ్చినవాడు ఈయనొక్కడే. అదీ కొళాయిల షాపు ఆయన. సంతోషించాలో ఏడవాలో తెలీక, "కాఫీ తాగుతారా" అన్నారు.

ఎంక్వయిరీ బుధవారం పొద్దున్న వచ్చింది. నేను తులసి దగ్గర ముగ్గు వేస్తుంటే గేటు దగ్గర మామూలు బట్టల్లో ఒకతను, చంకలో ఫైలు. "అమ్మా, వరహాలబాబు సార్ ఇల్లు ఇదేనా? స్టేషన్‌ నుంచి వచ్చిన" అన్నాడు.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. మేం కొత్తగా ఈ ఊరొచ్చిన రోజుల్లో, ఎర్ర పత్రికల్లో రాసేవాళ్ళ ఇళ్ళకి ఇలాగే మామూలు బట్టల్లో వచ్చేవారు. పుస్తకాలన్నీ గోనెల్లో వేసుకుని పోయేవారు. ఒకసారి మా పిల్లాడి ఎక్కాల పుస్తకం కూడా పట్టుకెళ్ళారు, ఎర్ర అట్ట ఉందని. అందుకని నాకో పద్ధతి ఉండేది. తలుపు తట్టగానే, "ఉండు బాబూ, కుక్కని కట్టేసి వస్తాను" అనేదాన్ని. ఆ కాస్త టైములో పుస్తకాలు బియ్యం డబ్బాలోకి పోయేవి. ఆ రోజులు పోయి ఎంతకాలమో అయింది. కాని చూడండి, ఆ "స్టేషన్" అన్న మాట చెవిలో పడగానే నా నోరు నన్నడక్కుండానే అనేసింది:

"ఉండు బాబూ, కుక్కని కట్టేసి వస్తాను."

మాకు కుక్క లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

లోపలికి పరిగెత్తాను. ఇప్పుడు బియ్యం డబ్బా ఎంత, చారెడు. కంటికి పెరట్లో వాషింగ్ మిషను కనపడింది. అలమరలో ఎర్ర అట్టవి, ఎర్రవి కానివి, మా ఆయన రాసినవి, అన్నయ్యగారివి, అన్నీ చీర కొంగులో వేసుకుని మూడు విడతలుగా దాంట్లో కుక్కి మూత వేసేశాను. ఆయాసం తీర్చుకుని వెళ్ళి గేటు తీశాను. అతను లోపలికి వస్తూ అటూ ఇటూ చూసి, "కుక్కేదమ్మా?" అన్నాడు.

"నిద్రపోయింది" అన్నాను.

మా ఆయన స్నానం చేసి వచ్చారు. రామ్మోహనరావుగారు పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఆ పసుప్పచ్చ టీషర్టులోనే. కానిస్టేబులు కుర్చీలో కూర్చుని వయసెంత, కేసులున్నాయా, తాగుతారా అని అడుగుతున్నాడు. రామ్మోహనరావుగారికి ఆగలేదు.

"అవన్నీ ఎందుకండీ! తుపాకుల సంగతి మాస్టారికి తెలిసినట్టు ఈ జంటనగరాల్లో ఎవరికీ తెలీదు. మూడు పుస్తకాలు రాశారు. మాస్టారూ, చూపించండి!"

అందరూ అలమర కేసి తిరిగారు. అలమర ఖాళీ. అరల్లో పుస్తకాలున్న చోట దుమ్ము లేని చారలు మాత్రం ఉన్నాయి.

"కొండమ్మా, నా పుస్తకాలేవీ?" అన్నారు మా ఆయన.

"ఏ పుస్తకాలండీ?" అన్నాను నేను. "మనింట్లో పుస్తకాలెప్పుడున్నాయి?"

ఈ జవాబు కూడా పాతదే. మా ఆయన నాకేసి చూశారు. అర్థమైంది ఆయనకి. నవ్వు ఆపుకోవడానికి మూతి మీద తువ్వాలు పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే పెరట్లోంచి కేక. మేడమీద అద్దెకుంటున్న రజిత. బుధవారం బుధవారం దుప్పట్లు మా మిషన్లో వేసుకుంటుంది.

"అమ్మా! గీ మిషన్ల పుస్తకాలేందమ్మా? మీరు గిట్ల బుక్కులు సుత ఉతుకుతరా?"

చేతి నిండా పుస్తకాలతో హాల్లోకే వచ్చేసింది పిల్ల. పై పుస్తకం అట్ట మీద తుపాకీ బొమ్మ, ఇంత లావున. కానిస్టేబులు ఆ పుస్తకాలు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ పుస్తకాలు చూశాడు. ఇక నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. నేను మంచినీళ్ళు ఇచ్చాను.

"పరేషాన్ కాకమ్మా, పుస్తకాలు నాకేమొద్దు" అన్నాడు తాగి. "కాని గిన్ని చదివే టైం నాకు లేదు సార్. రిపోర్టుల రాయాలె. తుపాకీ గురించి మీరేం రాసిన్రో రెండు ముక్కల్ల చెప్పున్రి."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "చరిత్రలో చూసుకుంటే..."

"రెండు ముక్కలు సార్."

"రాజ్యం స్వభావం..."

"సార్, జెర చిన్నగ."

ఎప్పుడూ ఆ మనిషికి ఇలాంటి ఇబ్బంది రాలేదు. ఆదివారాలన్నీ చాలని విషయం. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకుని మెల్లిగా అన్నారు:

"తుపాకీ ఒక్క మనిషిది కాకూడదు. పదిమందిదై ఉండాలి. ఆ పదిమందిలో ఎవరైనా, ఎప్పుడైనా, 'ఇలా ఇవ్వు' అని అడిగి తీసుకోగలగాలి. ఒక్కడి గోడ మీదున్న తుపాకీ ఆ గోడనే కాస్తుంది. ఇదే నేను రాసింది."

కానిస్టేబులు రాసుకున్నాడు. రాసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు: "మంచిగున్నది సార్. మరి గీ తుపాకీ ఏ గోడకు?"

వెటకారం ఏం లేదు పాపం, ఇంట్లో ఎక్కడ పెడతారో రాయాలిట. కాని మా ఆయన కొక్కేల కేసి చూశారు. రామ్మోహనరావుగారు సాయం పట్టాడు.

"కాలనీదే అనుకోండి మాస్టారూ! దళం ఉందిగా, పదిమందీ ఉన్నాం."

"ఎవరెవరున్నారు రావుగారూ దళంలో?"

"ఇళ్ళ ఓనర్లం అందరం."

"అద్దెకున్నవాళ్ళు?"

"వాళ్ళు ఇవాళుంటారు, రేపు పోతారు కదండీ. వాళ్ళనెలా చేర్చుకుంటాం?"

రజిత పుస్తకాలు బల్ల మీద దబ్బున పెట్టింది.

"గట్లనా సార్? మా ఆయన హోటళ్ళ తిండి బండిమీద ఇచ్చుకుంట అర్ధరాత్రి ఇంటికొస్తడు. ముందుగాల ఆయన్నే ఆపుతరు గదా?"

"అబ్బే, మీ ఆయన మాకు తెలుసు కదమ్మా!"

"మీకు తెల్సు. ఆ కొత్త టీషర్టు ఏస్కున్న పోరనికేం తెల్సు? ఆడు తుపాకీ ఉన్నదన్న ధైర్యంతోని అడుగుతడు. మా ఆయనేమో ఆకలితోని జవాబిస్తడు. గప్పుడేమైతది?"

రామ్మోహనరావుగారు టీషర్టు కిందకి లాక్కున్నాడు, పొట్ట మీద అది నిలవదు. మా ఆయన మాత్రం రజిత కేసి తిరిగి, "సహాయం కూడా ఇదే అన్నాడమ్మా" అన్నారు. అలిగిన తర్వాత ఆ పేరు ఆయన నోట మళ్ళీ వినడం అదే మొదటిసారి.

తర్వాత కానిస్టేబులుతో, "రాసుకోండి. నాకు లైసెన్సు అక్కర్లేదు. తుపాకీ వదులుకుంటున్నాను" అన్నారు.

"సచ్చీ?"

"నిజమే."

"నాకు పని తక్కువైంది సార్" అని ఫైలు మూసి, నా చేతి ఉప్మా తిని, కుక్కకి నమస్కారం చెప్పమని వెళ్ళిపోయాడు. రామ్మోహనరావుగారు మొహం చిన్నబుచ్చుకుని లేచాడు. నేను గుమ్మం దాకా వెళ్ళి, "బాబూ, గల్లీ చివర లైటు రెండు నెలలుగా వెలగట్లేదు, దళం ముందు అది చూస్తే బాగుంటుంది" అన్నాను. ఆలోచిస్తానన్నాడు. లైటు వచ్చింది కూడా. అద్దెకున్నవాళ్ళనీ మీటింగులకి పిలుస్తున్నాడు. రజిత మొగుడికి టీషర్టిస్తే వాడు నవ్వి, బండి తుడుచుకోవడానికి పెట్టుకున్నాడనుకోండి.

నాకు కొండంత బరువు దిగింది. కాని ఆ పూట మా ఆయన అన్నం తింటూ, పిల్లాడిలా, "ఒక్కసారి పట్టుకుని చూద్దామనుకున్నానే" అన్నారు. నాకు జాలేసింది.

"వదులుకోవాలన్నా ఊరెళ్ళి సంతకం పెట్టాలి కదా. అప్పుడు పట్టుకోండి" అన్నాను.

అలాగే ఇద్దరం వెళ్ళాం. అక్కడి ఎస్సై చిన్నవాడు, మర్యాదస్తుడు. గుళ్ళు లేవని తెరిచి చూపించి మా ఆయన చేతిలో పెట్టాడు. రెండు చేతులా పట్టుకున్నారు. ఎలా పట్టుకున్నారంటే బాలింతరాలు చేతికిచ్చిన చంటిబిడ్డని మగవాళ్ళు పట్టుకుంటారే, అలా. ఎక్కడ మెడ, ఎక్కడ కాళ్ళు తెలీనట్టు. "ఇంత బరువుంటుందని రాయలేదే నేనెక్కడా" అని తిరిగి ఇచ్చేశారు. బయటికొచ్చి చెరుకురసం తాగాం. ఆ కుర్ర రచయిత మళ్ళీ అడిగితే చెప్పడానికి ఇప్పుడు ఒక మాటైనా ఉంది.

ఇంక మిగిలింది అన్నయ్యగారు. "ఇప్పుడన్నా ఫోను చెయ్యండి" అంటే, "ఓడిపోయానని చెప్పడానికి ఫోను చెయ్యాలా" అన్నారు. నేను చేస్తానంటే వద్దన్నారు. ఆదివారం వచ్చింది. నేను అలవాటు చొప్పున చేపలు ఎక్కువే తెచ్చాను. పులుసు దించుతుండగా గేటు దగ్గర, "చెల్లెమ్మా!"

గరిట వదిలేసి పరిగెత్తాను. అన్నయ్యగారే. ఎండలో గొడుగు వేసుకుని గేటు బయట నిలబడ్డారు. చేతిలో కాగితాల కట్ట.

"లోపలికి రండన్నయ్యా!"

"రానమ్మా. నేనన్న మాట మీద ఉన్నాను. వాడి తుపాకీ మీద పన్నెండు పేజీలు రాశాను, వచ్చే నెల పత్రికకి. వాడి వెనకాల అచ్చెయ్యడం నాకిష్టం లేదు. మొహం మీదే చదివి పోతాను. వాణ్ణి వరండాలో కూర్చోమను."

నేను నోరు తెరవబోతే మా ఆయన వరండాలోంచి నాకు చెయ్యి అడ్డం పెట్టి, "చదవరా" అని పడక్కుర్చీలో కూర్చున్నారు.

అన్నయ్యగారు గేటు బయట నిలబడి మొదలుపెట్టారు. బడిపంతులు గొంతు కదా, గల్లీ అంతా వినపడింది. రజిత మేడమీంచి వింది. కొళాయిల రావుగారు స్కూటరాపి విన్నాడు. గడప వెనకనుంచి చూసిన తుపాకీ గురించి, చేత్తో చెప్పులు పట్టుకున్న తండ్రి గురించి, ఇళ్ళున్నవాళ్ళ కాపలాలు ఎవరిమీద కాపలాలో దాని గురించి. నాకన్నీ అర్థం కాలేదు గాని, ఒక్కోచోట మా నడవ గోడ కళ్ళముందు కనపడింది. మా ఆయన కళ్ళు మూసుకుని విన్నారు, మధ్యలో ఒక్క మాట అడ్డురాలేదు. అలా వినడం ఆయన జన్మలో లేదు.

అయిపోయింది. అన్నయ్యగారు చెమట తుడుచుకున్నారు.

"తుపాకీ రావట్లేదురా సహాయం" అన్నారు మా ఆయన. "వదులుకుంటున్నట్టు సంతకం పెట్టి మొన్ననే వచ్చాం."

అన్నయ్యగారు కాగితాలు కిందకి దించారు. "ఆ ముక్క ముందు చెప్పి చావొచ్చు కదరా! ఎండలో నిలబెట్టి పన్నెండు పేజీలూ చదివించావు!"

"బాగా రాశావురా. వినాలనిపించింది. అచ్చు వేయించు. నా పేరు కూడా తియ్యకు."

అన్నయ్యగారి గొడుగు కొంచెం వంగింది. కళ్ళజోడు సర్దుకున్నారు.

"కాని ఎనిమిదో పేజీలో తప్పు రాశావు" అన్నారు మా ఆయన.

"ఏది తప్పు?"

"సంఘం చేతిలో తుపాకీ అన్నా, అధ్యక్షుడి అటక మీద తుపాకీ అన్నా ఒకటే అన్నావు. అది తప్పు."

"తప్పా? ఎలా తప్పురా? చూపించు! ఎక్కడ తప్పో చూపించు!" అని అన్నయ్యగారు కాగితాలు ఊపుకుంటూ, గొడుగు మడవడం కూడా మర్చిపోయి, గేటు తోసుకుని, గుమ్మం తొక్కి, తిన్నగా మా ఆయన మీదకి వచ్చేశారు. గొడుగు తలుపుకి అడ్డంపడితే నేను పక్కనుంచి లాగి తీసుకున్నాను. ఇద్దరూ అరుచుకుంటూనే చేతులు కడుక్కున్నారు. నేను కంచాలు వాల్చాను.